ఆర్టిస్టులకు క్రాస్ ప్రొడక్ట్ ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో త్రీడీ యానిమేషన్ నేర్చుకుంటున్న ఎనిమిది మందికి సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాను. అందరూ చెయ్యి తిరిగిన ఆర్టిస్టులు. ఒకమ్మాయి శ్రీకాళహస్తి నుంచి వస్తుంది, వాళ్లింట్లో కలంకారీ పని. ఎవరూ ఇంటర్‌లో ఎంపీసీ చదవలేదు.

డాట్ ప్రొడక్ట్ (రెండు బాణాలు ఎంతవరకు ఒకే వైపు చూస్తున్నాయో చెప్పే లెక్క) బాగానే ఎక్కింది. గోవిందరాజస్వామి గుడి గోపురం ఫోటో పెట్టి, ఎండ ఏ గోడ మీద నేరుగా పడుతోందో అడిగాను. గోడకు లంబంగా ఒక బాణం, సూర్యుడి వైపు ఇంకో బాణం, రెండిటి పొడవూ 1. మధ్య కోణం 0 అయితే పూర్తి వెలుగు, 60 డిగ్రీలైతే సగం, 90 దాటితే నీడ. మెరుపు లేని గోడకు ఇంతే లెక్క. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో లైటు తిప్పుతూ మిగతాది వాళ్లే చెప్పేశారు. ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది.

క్రాస్ ప్రొడక్ట్ (రెండు బాణాల నుంచి, రెండిటికీ లంబంగా ఉండే మూడో బాణం తీసే లెక్క) దగ్గర బండి ఆగింది. కుడిచేతి నియమం (మొదటి బాణం నుంచి రెండోదాని వైపు వేళ్లు ముడిస్తే, బొటనవేలు చూపేదే మూడో బాణం దిశ) చూపిస్తే అందరూ వేళ్లు తిప్పారు. కానీ ఆ అమ్మాయి, "సార్, వరస మారిస్తే బాణం ఎందుకు తిరగబడుతుంది? దాని పొడవు ఆ రెండు బాణాలతో ఏర్పడే సమాంతర చతుర్భుజం వైశాల్యమే ఎందుకవుతుంది?" అని అడిగింది. నేను బోర్డు మీద డిటర్మినెంట్ రాశాను. అందరి ముఖాలూ వాడిపోయాయి.

నార్మల్ (మోడల్‌లోని ఒక్కో ముక్కకు లంబంగా ఉండే బాణం) తిరగబడి మోడల్‌లో ముక్కలు మాయమవడం వాళ్లు రోజూ చూస్తున్నదే. అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చా? అట్టముక్క, పుల్లలతో చేసి చూపించే పద్ధతి ఎవరైనా వాడారా? సోమవారం మళ్లీ క్లాసుంది, దయచేసి చెప్పండి.