అప్‌డేట్: క్లారిత్రోమైసిన్ కోర్సుకి లొంగని హెచ్. పైలోరీ ఇప్పుడు నెగటివ్

హెచ్. పైలోరీ (కడుపులో పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) పోవడానికి క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ 14 రోజులు వాడినా బ్రెత్ టెస్ట్ (ఊపిరి పరీక్ష) పాజిటివే వచ్చింది, అదే కోర్సు మళ్లీ వాడొచ్చా అని ఇక్కడ అడిగాను. వద్దన్నవాళ్లే కరెక్ట్. అందరికీ థాంక్స్.

గ్యాస్ట్రో డాక్టర్ ముందు పాత ప్రిస్క్రిప్షన్లు చూశారు. అప్పట్లో దగ్గుకి వాడిన అజిత్రోమైసిన్ కూడా క్లారిత్రోమైసిన్ కుటుంబానిదే. ఒకదానికి మొండికేసిన బ్యాక్టీరియా సాధారణంగా రెండోదానికీ లొంగదు.

ఈసారి బిస్మత్ క్వాడ్రపుల్ (బిస్మత్‌తో కలిపి నాలుగు మందుల కోర్సు) పనిచేసింది, ఇదీ 14 రోజులే. పాంటాప్రజోల్ రోజుకి రెండుసార్లు, తిండికి అరగంట ముందు. బిస్మత్ నాలుగుసార్లు, టెట్రాసైక్లిన్ 500 మి.గ్రా. నాలుగుసార్లు. మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. మూడుసార్లు. టెట్రాసైక్లిన్ దొరకలేదని షాపువాళ్లు డాక్సీసైక్లిన్ ఇస్తామంటే ఒప్పుకోకండి, దాని ఫలితం తక్కువ. పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలు టెట్రాసైక్లిన్‌ని ఒంటికి పట్టనివ్వవు. రెండు మూడు గంటల ఎడం ఉండాలి. నాలుక, విరేచనం నల్లబడితే అది బిస్మత్ పని, కంగారొద్దు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. నోట్లో లోహం రుచి మెట్రోనిడజోల్‌ది, చిరాకే కానీ కోర్సు అయ్యాక పోతుంది. ఆల్కహాల్ బంద్.

మళ్లీ టెస్ట్ చేయించేది యాంటీబయాటిక్స్ ఆపిన కనీసం 4 వారాలకి, పాంటాప్రజోల్ ఆపిన 2 వారాలకి. తొందరపడితే ఇన్‌ఫెక్షన్ ఉన్నా నెగటివ్ చూపిస్తుంది. రక్తంలో యాంటీబాడీ టెస్ట్ దండగ: బ్యాక్టీరియా పోయినా నెలల తరబడి పాజిటివే. ఇంట్లోవాళ్ల నుంచి మళ్లీ అంటుకుందేమో అన్న నా అనుమానానికీ మొదటి కోర్సు పనిచేయకపోవడానికీ సంబంధం లేదు.

గర్భిణులకు ఈ కోర్సు ఇవ్వరు.