పాదాల మీది బొల్లికి రంగు తిరిగి వస్తుందా?

ప్రశ్న:
మూడేళ్ల క్రితం కుడి చీలమండ మీద గోరంత మచ్చతో మొదలైంది. ఇప్పుడు రెండు పాదాలు, కాలి వేళ్ల చివరలు, పిక్కల వరకు పాకింది. ఏడు నెలలుగా వారానికి మూడుసార్లు నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్స తీసుకుంటున్నాను, రాత్రిపూట మచ్చల మీద టాక్రోలిమస్ అనే పూతమందు రాస్తున్నాను. పోయిన వారం ఎడమ పిక్క మీది మచ్చలో, వెంట్రుక మొలిచిన చోటల్లా ఆవగింజంత గోధుమ రంగు చుక్కలు కనిపించాయి. దీపం దగ్గర కూర్చుని లెక్కపెట్టాను, పదకొండు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. పాదాలు మాత్రం సున్నం పూసినట్టు అలాగే ఉన్నాయి. చికిత్స మానేయాలా?

జవాబు 1:
మానకండి. రంగునిచ్చే కణాల నిల్వ వెంట్రుకల కుదుళ్లలో ఉంటుంది, మీ చుక్కలు అక్కడి నుంచే వచ్చాయి. వేళ్ల చివర వెంట్రుకలే ఉండవు కాబట్టి అక్కడ రంగు రావడం చాలా కష్టం. ముఖం త్వరగా స్పందిస్తుంది, పాదాలు అన్నిటికన్నా వెనక. మచ్చలోని వెంట్రుకలు నల్లగా ఉన్నాయా, తెల్లబడ్డాయా? నల్లగా ఉంటే ఆశ ఎక్కువ.

జవాబు 2:
ముందు మీ చెప్పులు చూడండి. నాకు మచ్చ అచ్చంగా పట్టీ ఒరిసే గీత వెంటే వచ్చింది. ఒరిపిడి ఉన్న చోట, గాయమైన చోట కొత్త మచ్చలు పుట్టడం ఈ జబ్బు స్వభావం. దాన్నే కోబ్నర్ ప్రభావం అంటారు. కొన్ని రబ్బరు చెప్పుల్లోని, జిగురుల్లోని రసాయనాలు కూడా రంగును పోగొడతాయి. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు, రెండేళ్లు వృథా అయ్యాయి. వదులుగా ఉండే గుడ్డ బూట్లకు మారాక కొత్త మచ్చ రాలేదు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి, బొల్లి, థైరాయిడ్ జబ్బు తరచుగా కలిసి వస్తాయి.

జవాబు 3:
మచ్చలు ఏడాదిపాటు పెరగకుండా నిలిచిపోతే చర్మం అంటుకట్టే శస్త్రచికిత్స గురించి అడగవచ్చు. అయితే వేళ్ల చివర అది కూడా అంతగా నిలవదు. ఎండలోకి వెళ్లేటప్పుడు పాదాలకు సన్‌స్క్రీన్ మరవకండి, తెల్లబడ్డ చర్మం ఇట్టే కాలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలండీ. వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి. కుడి పాదం మచ్చ మీద చెప్పును ఆనించి చూశాను, పట్టీ సరిగ్గా దాని అంచునే కూర్చుంది. ఆ జత తీసి పక్కన పెట్టేశాను. పిక్కల కోసం కాంతి చికిత్స కొనసాగిస్తాను, వేళ్ల సంగతి డాక్టరుగారితో విడిగా మాట్లాడతాను. చుక్కలు ఈ ఉదయం పద్నాలుగు.