‘కాదనే’నా, ‘లేదనే’నా?

పలకబలపం: రెండు రోజులుగా ఒక వాక్యం నాలుక చివర ఆడుతోంది. జర్మన్ కవి గేటే నాటకం ‘ఫౌస్ట్’లో ‘ఎవరు నువ్వు’ అంటే దెయ్యం మెఫిస్టో ఇచ్చే జవాబు. మా జర్మన్ మాస్టారు దాన్ని ‘ఎప్పుడూ ...దనే ఆత్మను నేను’ అని తెలుగులో చెప్పేవారు. ఆ మొదటి అక్షరం ‘కా’నా, ‘లే’నా? 1960 నాటి సినిమాలో మెఫిస్టో వేషం కట్టిన జర్మన్ నటుడు గ్రూండ్‌గెన్స్‌ని, ఆ సున్నం కొట్టినట్టున్న తెల్లటి మొహాన్ని, పైకి లేచిన కనుబొమల్ని మళ్లీ చూశాక ఇదే గొడవ.

కందగర్భం: ‘కాదనే’ అండీ, అనుమానమే లేదు. మూలంలో ‘ఫెర్‌నైన్ట్’, దాని కడుపులో ఉన్నది ‘నైన్’, అంటే ఇంగ్లిష్ ‘నో’.

ఉత్తరపుకిటికీ: నైన్ మీద అంత బరువు పెట్టకండి. తిన్నావా, ఇంకొంచెం వడ్డించనా, ఇది నీ కంచమేనా, మూడింటికీ జర్మన్ వాళ్లు నైన్ అంటారు. మనం లేదు, వద్దు, కాదు అని విడగొడతాం. తర్వాతి పాదాలు చూడండి, అసలేదీ పుట్టకపోతేనే మేలంటాడు. అది ఉనికితో తగవు, కాబట్టి ‘లేదు’. పోతన గజేంద్రుడు కూడా ‘కలడో లేడో’ అన్నాడు గానీ ‘కాడో’ అనలేదు కదా.

కందగర్భం: గజేంద్రుడిది సందేహం, మెఫిస్టోది పంతం. పైగా ‘లేదనడం’ అంటే మనకి అడిగినవాడికి ఇవ్వకపోవడం. కర్ణుడు లేదనడు. ఎదురు చెప్పడానికి ‘కాదనడమే’.

టికెట్టుముక్క: ఆ మాటే గ్రూండ్‌గెన్స్ బతుకులో నన్ను పట్టి ఉంచుతుంది. 1932లో బెర్లిన్‌లో, 1957లో హాంబుర్గ్‌లో ఈ వేషం కట్టాడు. నడుమ 1934 నుంచి నాజీ నాయకుడు గోరింగ్ అండతో బెర్లిన్ థియేటర్ నడిపాడు, అప్పుడు కాదనలేకపోయాడు. నాకది ఇప్పటికీ బాధే. అయితే నాజీలు కమ్యూనిస్టు నటుడు ఎర్న్‌స్ట్ బుష్‌కి ఉరిశిక్ష పడేలా చూస్తుంటే లాయర్ని పెట్టించి కాపాడిందీ ఈయనే. యుద్ధం అయ్యాక సోవియట్ నిర్బంధంలో ఉన్న ఈయన కోసం బుష్ నోరు విప్పాడు. గ్రూండ్‌గెన్స్ 1963లో మనీలాలో పోయాడు.

ఉత్తరపుకిటికీ: అదంతా సరే, ‘అనే’ సంగతి ఎవరూ పట్టించుకోరేం? ‘కలడు కలండనెడివాడు’లో అనెడివాడు అంటే అనబడేవాడు. ఆ లెక్కన ‘కాదనే ఆత్మ’ కాదు అని పలికే ఆత్మా, ‘కాదు’ అన్న పేరున్న ఆత్మా?

కందగర్భం: పోతనలో అది ఛందస్సు తెచ్చిన కుదింపు. వచనానికి అంటగట్టొద్దు.

ఉత్తరపుకిటికీ: ‘రాముడనే కుర్రాడు’ అంటాం, అది వచనం కాదా?

పలకబలపం: ఇప్పుడు ‘వద్దనే’ అన్నారేమోనని ఇంకో అనుమానం పట్టుకుంది. నోట్సు మా అన్నయ్య వాళ్లింట్లో అటక మీదుంది, ఆదివారం వెళ్లి చూస్తాను.