రెండు మోడెమ్‌లూ ఇంటర్నల్ క్లాకా, ఒకటి స్లేవా?

గోదారిగట్టు: పాత ఐబీఎం 3274 కంట్రోలర్‌కి (టెర్మినళ్లని పెద్ద కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మళ్లీ ప్రాణం పోస్తున్నాం. అటు పెద్ద కంప్యూటర్ వైపు లైన్లు చూసే 3725 కంట్రోలర్, నడుమ నాలుగు తీగల లైను, దాని మీద ఎస్‌డీఎల్‌సీ (ఐబీఎం లింక్ ప్రోటోకాల్), రెండు చివరలా సెకనుకి 9600 బిట్ల మోడెమ్‌లు. 3274 వైపు మోడెమ్‌ని స్లేవ్‌లో (వచ్చే సిగ్నల్ క్లాక్‌తోనే పంపేలా) పెట్టమని ఒకరు, రెండూ ఇంటర్నలే (పంపడానికి దేని సొంత క్లాక్ దానికే) అని ఇంకొకరు. ప్రస్తుతానికి లైను అసలు లేవడం లేదు.

నాలుగుతీగలు: ఇంటర్నలే. నాలుగు తీగలంటే రాకకీ పోకకీ వేర్వేరు దారులు. పంపడానికి మోడెమ్ తన క్లాక్‌ని యంత్రానికి వెళ్లే కనెక్టర్లో పిన్ 15 మీద ఇస్తుంది. వచ్చేదాని క్లాక్‌ని లైను సిగ్నల్లోంచే తీసి పిన్ 17 మీద పెడుతుంది. ఆ రెండింటినీ ముడేస్తే, రిసీవ్ క్యారియర్ (అటునుంచి వచ్చే సిగ్నల్) తడబడ్డప్పుడల్లా పంపే దారీ తడబడుతుంది.

రాత్రిడ్యూటీ: ఒప్పుకోను. నేను చూసిన లైను నడిమధ్యలో రెండు మోడెమ్‌లు వీపులానించి కలిపి ఉండేవి, అన్నీ ఇంటర్నల్. పోలింగ్ ఫ్రేములు (‘పంపేదేమైనా ఉందా’ అని అడిగే డేటా ముక్కలు) చిన్నవి, దాటిపోయేవి. స్క్రీన్ నిండా డేటా అడిగితే చాలు, రీట్రాన్స్‌మిషన్లే. క్లాక్‌ల మధ్య 0.01 శాతం తేడా ఉన్నా 9600లో సెకనుకి దాదాపు ఒక బిట్ జారిపోతుంది. 265 బైట్ల ఫ్రేముకి 0.22 సెకను పడుతుంది, అంటే ఐదింట్లో ఒకటి పాడు. అది కనిపెట్టడానికి మూడు రాత్రులు పట్టింది. నెట్‌వర్క్‌కి ఒక్కటే క్లాక్ ఉండాలి అనేది అందుకే.

నాలుగుతీగలు: మీ బాధ నిజం అన్నా, కానీ అది ఆ నడిమధ్య రెండు మోడెమ్‌లు కలిసే అతుకు దగ్గరి తప్పు. అక్కడ ఒక మోడెమ్ పిన్ 17ని క్రాస్ కేబుల్‌తో రెండోదాని పిన్ 24కి (బయటి క్లాక్ తీసుకునే పిన్) ఇచ్చి, ఆ రెండోదాన్ని ఎక్స్‌టర్నల్‌లో పెట్టాలి. గోదారిగట్టు గారి లైన్లో అతుకే లేదు కదా. ముందు ఒకటి చూడండి: 3725 జెనరేషన్లో (దాని సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో) క్లాక్ ‘ఎక్స్‌టర్నల్’ అంటే మోడెమ్ ఇస్తుందని. మోడెమ్ మీద అదే మాటకి యంత్రం ఇస్తుందని అర్థం. రెండుచోట్లా ఎక్స్‌టర్నల్ పెడితే ఇచ్చేవాళ్లే ఉండరు.

రాత్రిడ్యూటీ: అతుకు ఇవాళ లేదు, రేపు వేస్తారు. అప్పుడు ఈ సెట్టింగ్ ఎవరికి గుర్తుంటుంది? ఇప్పుడే స్లేవ్ చేస్తే ఆ బెంగ ఉండదు. రెండు చివరలూ స్లేవ్ చేయొద్దు, అంతే. ఒకదాన్నొకటి అనుసరిస్తూ రెండూ కొట్టుకుపోతాయి.

గోదారిగట్టు: నాలుగుతీగలు గారు చెప్పిందే జరిగింది. 3725 వైపు మోడెమ్ స్ట్రాప్ (సెట్టింగ్ మార్చే జంపర్) ఎక్స్‌టర్నల్‌లో ఉంది, పిన్ 24 మీద ఏమీ లేదు. ఇంటర్నల్‌కి మార్చగానే 3274 పోలింగ్‌కి జవాబిచ్చింది! రెండోదాన్నీ ఇంటర్నల్‌లోనే ఉంచుతున్నా. అతుకు వేసే రోజు కోసం క్రాస్ కేబుల్ పిన్‌లు కాగితం మీద రాసి మోడెమ్ మూత లోపల అంటించాను.