పాత ఫ్యూజు బోర్డు తీసేస్తున్నాం, కొత్త డీబీ (ఇంటికి కరెంటు పంచే పెట్టె) ఎక్కడ పెట్టాలి? (పర్లాకిమిడి)

వంశధార_గట్టు:
పాత పెంకుటిల్లు, వెనక రెండు స్లాబు గదులు. మీటరు వీధి వసారాలో ఉంది. అక్కణ్ణుంచి వైరు వంటింట్లోకి వెళ్తుంది. పొయ్యి గట్టు పైన చెక్క బోర్డు, దాని మీద మెయిన్ స్విచ్చి, నాలుగు కిట్‌క్యాట్ ఫ్యూజులు. ఇప్పుడు 1 హెచ్‌పీ బోరు మోటారు, 2 కిలోవాట్ల గీజరు వస్తున్నాయి. బాత్రూము బయటి గోడకి డీబీ పెడితే వైరు కలిసొస్తుందని మేస్త్రీ అంటున్నాడు. పిల్లలకి అందకుండా అటక పక్కన పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు. ఎవరి మాట వినాలి? ఎంసీబీలు (ఓవర్‌లోడుకీ షార్టుకీ పడిపోయే స్విచ్చులు) వేశాక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) కూడా కావాలా? పాత గదుల్లో ఎర్త్ తీగ లేదు, ఫేజు, న్యూట్రలే.

నాగావళి_రాయగడ:
ఇద్దరి మాటా వద్దండి. వంటిల్లు, బాత్రూము, మరుగుదొడ్డి గదుల్లో బోర్డు పెట్టకూడదని, పొయ్యి మీదా సింకు మీదా అసలే కూడదని వైరింగ్ కోడ్ ఐఎస్ 732 చెబుతోంది. బాత్రూము బయటి గోడ అంటే పేరుకే బయట. లోపలి తడి ఇటుకలోంచి ఇవతలికి దిగుతుంది. వానాకాలమంతా పెట్టె వెనక చెమ్మే. టెర్మినల్ స్క్రూలు పచ్చబడి, పట్టు వదిలి, వేడెక్కుతాయి.

మీ ఇంటికి సరైన చోటు మీటరున్న గోడకే లోపలి వైపు, వీధి గుమ్మం పక్కన. మీటరు నుంచి డీబీకి వైరు పొట్టిగా ఉంటుంది, ఇంట్లో పొగ వచ్చినా గుమ్మం దగ్గర నుంచే ఆపేయొచ్చు. పెట్టె మధ్యభాగం నేల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే చాలు. పిల్లల భయానికి మూత ఉన్న పెట్టె కొనండి. అటక దగ్గర పెడితే రాత్రిపూట ముసలివాళ్లు స్టూలెక్కాలి, అది ఇంకో ప్రమాదం. ముందు 1 మీటరు ఖాళీ వదలండి. బియ్యం బస్తాలు, బీరువా అక్కడికి చేరనివ్వొద్దు. ఇన్వర్టరు బ్యాటరీకి నేరుగా పైన కూడా పెట్టొద్దు, ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది.

వసారా నుంచి గోడలోకి వచ్చే పైపు బయటికి వాలుగా ఉండాలి. లేకపోతే వాన నీరు పైపులోంచి సరాసరి డీబీలోకే. వాడని రంధ్రాలన్నీ మూయించండి. బల్లి దూరితే షార్టే.

బరంపురం_వైర్‌మాన్:
చోటు విషయంలో పై మాటే నాదీ. లోపల ఏం ఉండాలో చెప్తాను.

మొదట 32 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ ఆపే) ఎంసీబీ. దాని తర్వాత 40 ఆంపియర్లు మోసే, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకి పడే ఆర్‌సీసీబీలు రెండు. ఒకదాని కింద లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్. రెండోదాని కింద మోటారు, గీజరు, పెరటి సాకెట్లు. ఒక్కటే పెడితే వానకి మోటారు లీకైన రాత్రి ఇల్లంతా చీకటి. విసుగొచ్చి ఆర్‌సీసీబీనే పీకి పక్కన పెట్టేస్తారు, ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. లైట్లకి 6 ఆంపియర్లు, 1.5 స్క్వేర్ ఎంఎం తీగ. సాకెట్లకి 16, తీగ 2.5. గీజరు తీసుకునేది 9 ఆంపియర్లలోపే కాబట్టి 16 ఎంసీబీ, 2.5 తీగ సరిపోతాయి, కానీ లైను విడిగా ఉండాలి. మోటారుకి 10 ఆంపియర్ల సి కర్వ్ ఎంసీబీ (మొదలయ్యేటప్పటి ఎక్కువ కరెంటుని కాసేపు ఓర్చే రకం). బి కర్వ్ వేస్తే స్టార్టింగ్ కరెంటుకే పడిపోవచ్చు. ఇవన్నీ కలిపితే సుమారు 12 మాడ్యూళ్లు (పెట్టెలో ఒక మామూలు ఎంసీబీ పట్టే చోటు ఒక మాడ్యూల్) అవుతాయి, పెట్టె 16 మాడ్యూళ్లది కొనండి.

ఎంసీబీ ఉండగా ఆర్‌సీసీబీ ఎందుకంటే, లెక్క చూడండి. మన వైపు రాతి నేలలో, ఎండాకాలంలో ఎర్త్ 20 ఓములు ఉందనుకుందాం. గీజరు బాడీకి ఫేజు తగిలితే 230ని 20తో భాగించండి, 11.5 ఆంపియర్లు. 16 ఎంసీబీ కదలదు, బాడీలో కరెంటు అలాగే నిలబడుతుంది. ఆర్‌సీసీబీకి 30 మిల్లీ ఆంపియర్ల లీకు చాలు. అలాగని అది ఓవర్‌లోడునీ షార్టునీ ఆపదు, కాబట్టి రెండూ కావాల్సిందే.

రెండు ఆర్‌సీసీబీలకి న్యూట్రల్ బార్లు వేర్వేరుగా ఉండాలి. ఒకదాని ఫేజు తీసుకుని రెండోదాని న్యూట్రల్‌కి కలిపితే లోడు పడగానే ట్రిప్పవుతుంది. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో కారణం తెలియని ట్రిప్పింగ్ అంటే ముందు ఇదే చూడాలి.

వంశధార_గట్టు:
ధన్యవాదాలు. పాత గదుల్లో ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ పనిచేస్తుందా? న్యూట్రల్ నుంచి సాకెట్ మూడో పిన్నుకి చిన్న తీగ కలిపేస్తే సరిపోతుందని మేస్త్రీ అన్నాడు.

బరంపురం_వైర్‌మాన్:
ఆ తీగ మాత్రం వేయించకండి! వెనక న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు. ఆర్‌సీసీబీ ఎర్త్ లేకపోయినా పనిచేస్తుంది, కానీ ఎవరైనా ముట్టుకుని లీకు ఒంట్లోంచి పోయాకే పడుతుంది. ప్రాణం నిలవచ్చు, షాకు మాత్రం తప్పదు. గోడలు ఎలాగూ పగలగొడుతున్నారు కాబట్టి ఆకుపచ్చ తీగ లాగించండి. ఎర్త్‌కి 40 ఎంఎం జీఐ పైపు 2.5 మీటర్ల లోతుకి దిగాలి.

పాత నాలుగు ఫ్యూజుల్లో ఒకటి న్యూట్రల్ మీద ఉందేమో చూడండి. ఉంటే అది కాలినప్పుడు లైటు ఆరుతుంది కానీ హోల్డరులో ఫేజు బతికే ఉంటుంది.

మహేంద్రగిరి_గాలి:
తుపాను తాకిడి ప్రాంతం కాబట్టి ఒక చేర్పు. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాని ఎలా కుదిపిందో తెలిసిందే. అలాంటప్పుడు లైన్లో న్యూట్రల్ తెగితే ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. దానికి ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ పనికిరావు, ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ విడిగా పెట్టాలి. పిడుగులకి టైప్ 2 ఎస్‌పీడీ (లైన్లో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించే పరికరం). దాని తీగలన్నీ కలిపి అర మీటరు మించకూడదు, చుట్ట చుట్టి వదిలేస్తే పెట్టినా లాభం అంతంతే.

సర్వీసు వైరు అల్యూమినియం అయితే రాగి తీగతో మెలిపెట్టి కలపనివ్వొద్దు, బైమెటల్ లగ్గు (ఈ రెండు లోహాల్నీ కలపడానికి చేసిన కొన) వేయించండి. ఒక ఎంసీబీ కింద రెండు తీగలు దూర్చనివ్వొద్దు. ఎంసీబీ పడుతోందని 16 తీసి 32 వేస్తానంటే ఒప్పుకోవద్దు, అప్పుడు గోడలో 2.5 తీగే ఫ్యూజు అవుతుంది.

పని అయ్యాక, కరెంటు ఇవ్వకముందే 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిపించండి, 1 మెగోమ్‌కి తగ్గకూడదు. అప్పుడు ఎస్‌పీడీ, ఎలక్ట్రానిక్ సామాన్లు విడదీసి ఉండాలి. తర్వాత ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి, నెలకోసారి అలవాటు చేసుకోండి. మీటరు సీలు జోలికి మేస్త్రీ పోకూడదు. మీకు మంజూరైన లోడు 2 కిలోవాట్లే అయితే గీజరూ మోటారూ కలిస్తే అది దాటుతుంది, ముందే మన కరెంటు సంస్థ టీపీఎస్‌ఓడీఎల్‌లో లోడు పెంపుకి దరఖాస్తు పెట్టండి.