కొత్త ఇంట్లో వైర్‌లెస్ అలారం ఊరికే మోగుతోంది, సెట్టింగులు ఎలా పెట్టాలి?

డాలస్‌కి కొత్త:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడు నెలలైంది. పోయిన నెల అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి నార్త్ డాలస్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వైర్‌లెస్ అలారం కిట్ కొని నేనే పెట్టుకున్నాను. బేస్ స్టేషన్, కీప్యాడ్, తలుపులకీ కిటికీలకీ ఆరు సెన్సర్లు, హాల్లో ఒక మోషన్ సెన్సర్. వారంలో మూడుసార్లు ఊరికే మోగింది. రెండుసార్లు పొద్దున్నే మా ఆవిడ వెనక తలుపు తీసినప్పుడు, ఒకసారి మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, ఆరు నెలలుంటారు. ఎంట్రీ డిలే, అంటే తలుపు తీశాక కోడ్ నొక్కేదాకా మోగకుండా ఆగే టైము, ఎంత పెట్టాలి? 'హోమ్', 'అవే' మోడ్‌లలో ఏ సెన్సర్ ఎందులో ఉండాలి? ఓనర్ గోడలకి మేకులు కొట్టొద్దన్నాడు.

ప్లేనో పాతకాపు:
సెట్టింగుల సంగతి తర్వాత తమ్ముడూ. మానిటరింగ్‌కి, అదే అలారం మోగితే పోలీసులకి కబురు పెట్టే నెలవారీ సేవకి, ఎవరి దగ్గరైనా సంతకం పెట్టావా? పెట్టకపోతే ఇది చదివాక పెట్టు.

2014 ఎండాకాలం. సాయంత్రం ఒక కుర్రాడు బెల్లు కొట్టాడు. మెడలో బ్యాడ్జీ, చేతిలో ట్యాబ్లెట్. "మీ వెనక వీధిలో దొంగలు పడ్డారు, ఈ వీధిలో ముగ్గురికి పరికరాలు ఫ్రీగా ఇస్తున్నాం" అన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలు, నేనేమో ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండేవాణ్ణి. ఎండన పడి వచ్చాడని మా ఆవిడ మజ్జిగ కూడా ఇచ్చింది. ట్యాబ్లెట్ మీద వేలితో ఐదుచోట్ల గీశాను. రాత్రి ఎనిమిదికల్లా బిగించేసి వెళ్ళిపోయారు. నెలకి 52 డాలర్లు. 60 నెలల ఒప్పందమని ఈమెయిల్లో పదకొండో పేజీలో ఉంది. అది నేను చదివింది ఐదో రోజున.

14 నెలలకి ప్రాజెక్టు ఒహాయోకి మారింది. రద్దు చేయమని ఫోన్ చేస్తే మిగిలిన 46 నెలలదీ కట్టమన్నారు. 2,392 డాలర్లు! మేనేజర్‌ని అడిగాను, ఉత్తరం రాశాను, ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళ పేరు మీదికి మార్చమన్నాను. వాళ్ళు వద్దన్నారు. చివరికి కట్టాను.

ఇంటికొచ్చి అమ్మిన సరుకు 25 డాలర్లు, ఆపైన అయితే మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు ఉంది. శనివారం కూడా పనిదినం కిందే లెక్క. అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, టెక్సస్‌లో అలారం కంపెనీకి డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ లైసెన్సు ఉండాలి. ఎవరైనా గుమ్మంలోకొస్తే ముందు ఆ నంబరు అడుగు.

గార్లండ్ వైర్‌మేన్:
అన్న తన బాధ చెప్పుకున్నాడు, అబ్బాయి అడిగింది వేరే. నేను చెప్తాను.

పొద్దున్న మోగింది సెట్టింగు వల్లే. వెనక తలుపుని 'ఇన్‌స్టంట్'లో, అంటే తీయగానే మోగేలా, పెట్టి ఉంటావు. మీరు రోజూ వచ్చిపోయే తలుపులు, అంటే ముందుదీ, గ్యారేజీలోంచి ఇంట్లోకొచ్చేదీ, మీ ఇంట్లో వెనకది కూడా, ఎంట్రీ డిలేలో ఉండాలి. కిటికీలు ఇన్‌స్టంట్‌లో ఉండనీ. తప్పుడు అలారాలు తగ్గించడానికి ఇక్కడ సీపీ-01 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఎంట్రీ డిలే 30 సెకన్లకి తగ్గకూడదు. బయటికెళ్ళేటప్పటి ఎగ్జిట్ డిలే మామూలుగా 60 సెకన్లు ఉంటుంది. గ్యారేజీలోంచి రెండు చేతులా కూరగాయల సంచులతో వచ్చే ఇంట్లో 30 చాలదు. 45 పెట్టు.

'హోమ్' అంటే మీరు లోపల పడుకున్నారని అర్థం. తలుపులు, కిటికీలు మాత్రమే కాపలా, మోషన్ సెన్సర్ ఆఫ్. 'అవే' అంటే ఇంట్లో ఎవరూ లేరని, అందులో అన్నీ ఆన్. మోషన్ సెన్సర్‌కి 'ఫాలోయర్' లాంటి సెట్టింగు ఉంటే పెట్టు. డిలే ఉన్న తలుపు ముందు తెరుచుకుంటే, ఆ డిలే అయ్యేదాకా మోషన్ సెన్సర్ కూడా మోగకుండా ఆగుతుంది. తలుపు తెరవకుండా మనిషి కనిపిస్తే వెంటనే మోగుతుంది.

ఇక మధ్యాహ్నం సంగతి. ఆ సెన్సర్ చూసేది కదలికని కాదు, వేడిలో మార్పుని. పడమటి కిటికీకి ఎదురుగా ఉందా? ఏసీ గాలొచ్చే జల్లెడ కింద ఉందా? మధ్యాహ్నం తనంతట తాను ఊడ్చే రోబో ఉందా? పాప పుట్టినరోజుకి కట్టిన మెరుపు కాగితం బెలూన్ ఇంకా తిరుగుతోందా? ఏసీ వేసినప్పుడల్లా ఆ బెలూన్ ఊగుతుంది. నేను చూసిన కేసుల్లో సగం ఇవే.

సెన్సర్ని గది మూలలో, సుమారు ఏడడుగుల ఎత్తున, కిటికీకి ఎదురుగా కాకుండా పెట్టు. మేకు అక్కర్లేదు, పుస్తకాల బీరువా మీద మూలన పెడితే చాలు. తలుపు సెన్సర్లకి వెనక టేపు ఉంటుంది. అతికించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, లేకపోతే జులై ఎండకి ఊడి కింద పడి అదే మోగుతుంది. అయస్కాంతం ముక్కకీ సెన్సర్‌కీ మధ్య వేలు పట్టేంత సందు వస్తే దగ్గరికి జరుపు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మెల్లగా లాగితే రంగు ఊడదు, డిపాజిట్ పోదు.

అన్నీ అయ్యాక సిస్టంని టెస్ట్ మోడ్‌లో పెట్టి ఒక్కో తలుపూ తీసి చూసుకో. ఇది మాత్రం ఎవరూ చెయ్యరు.

ఫ్రిస్కో అక్క:
అమ్మానాన్న వస్తున్నారన్నారు కదా, అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. జెట్‌లాగ్‌లో అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. తులసికి నీళ్ళు పోయడానికి వెనక తలుపు తీస్తుంది. 45 సెకన్లలో కళ్ళజోడు వెతుక్కోవాలా, కోడ్ నొక్కాలా?

మా ఇంట్లో జరిగింది వినండి. మా వారు మామూలు కోడ్ 1947 పెట్టి, డ్యూరెస్ కోడ్ 1948 పెట్టారు. గుర్తుంటుందట! దొంగ కత్తి చూపించి అలారం ఆపమంటే నొక్కే కోడ్ అది. నొక్కితే మామూలుగా ఆగిపోయినట్టే కనిపిస్తుంది, లోపల్లోపల పోలీసులకి కబురు వెళ్తుంది. మనకి ఫోన్ కూడా చెయ్యరు. నాన్నగారు ఒక అంకె తప్పు నొక్కారు. సైరన్ లేదు, ఆకుపచ్చ లైటు వెలిగింది, అంతా బాగుందనుకుని పేపరు చదువుకుంటున్నారు. కాసేపటికి గుమ్మంలో ఇద్దరు పోలీసులు. నాన్నగారు లుంగీలో వెళ్ళి తలుపు తీసి, "నో ప్రాబ్లం, నో ప్రాబ్లం, కమ్, కాఫీ" అన్నారట. బెదిరించి అలా అనిపిస్తున్నారేమోనని వాళ్ళకి అనుమానం ఇంకా పెరిగింది. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆయన్ని ముందు లాన్‌లోనే నిలబెట్టారు.

కాబట్టి డ్యూరెస్ కోడ్ అవసరం లేదనుకుంటే తీసెయ్యండి. ఉంచుకుంటే మామూలు కోడ్‌తో పోలికే లేని అంకెలు పెట్టండి. పెద్దవాళ్ళకి వేరే కోడ్ ఇవ్వండి. మానిటరింగ్ వాళ్ళు ఫోన్ చేసి అడిగే మాట, అదే పాస్‌వర్డ్, ఏదైనా తెలుగు పదం పెట్టి వాళ్ళకీ నేర్పండి. మాది ఇప్పుడు 'గోంగూర'.

రిచర్డ్‌సన్ రిటైర్డ్:
అలారానికి సిటీ పర్మిట్ తీసుకున్నావా బాబూ? మొదటి తప్పుడు అలారానికే 200 డాలర్లు వేస్తారు. నేను 1999 నుంచి ఇక్కడే ఉన్నాను.

గార్లండ్ వైర్‌మేన్:
బాబాయ్ గారూ, మీరు ఎప్పటినుంచి ఉన్నారన్నది వేరే. టెక్సస్ చట్టం ప్రకారం గడిచిన 12 నెలల్లో మూడు తప్పుడు అలారాలు దాటితేనే సిటీ జరిమానా వేయాలి. ఇంటి పర్మిట్ ఫీజు ఏడాదికి 50 డాలర్లు మించకూడదు.

రిచర్డ్‌సన్ రిటైర్డ్:
మా వీధిలో ఒకాయనకి వేశారు. చట్టం నాకూ తెలుసు.

గార్లండ్ వైర్‌మేన్:
ఆయనకి పర్మిట్ ఉందా? ఆ మూడు మాఫీ పర్మిట్ ఉన్నవాళ్ళ లెక్క. ఆ సంగతి ముందు కనుక్కోండి.

ప్లేనో పాతకాపు:
మానిటరింగే లేకపోతే పోలీసులకి దానంతట అదే కబురు వెళ్ళదు, జరిమానా గోల చాలావరకు ఉండదు. నేను మొదటినుంచీ చెప్తున్నది అదే.

ఫ్రిస్కో అక్క:
పర్మిట్ కంటే బంగారం చూసుకోండి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ పాలసీల్లో దొంగతనం జరిగితే నగలకి చాలావాటిలో 1,500 డాలర్లే పరిమితి. ఓనర్ పాలసీ మీ సామానుకి వర్తించదు, రెంటర్స్ పాలసీ మీరే తీసుకోవాలి. బ్యాంకు లాకర్లో వస్తువులకి ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే బీమా వర్తించదు, అది డిపాజిట్లకే.

కాపెల్ కుర్రోడు:
మధ్యలో వస్తున్నా, క్షమించండి. నా పాత వైర్‌లెస్ కిట్ విజయవాడలో నాన్నగారికి పట్టుకెళ్ళొచ్చా?

గార్లండ్ వైర్‌మేన్:
వద్దు తమ్ముడూ. ఇలాంటి కిట్లలో చాలా వాడే జెడ్-వేవ్ అనే రేడియో పద్ధతి ఇక్కడ 908 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, ఇండియాలో అది 865. అడాప్టర్ మారిస్తే కరెంటు సరిపోవచ్చు గానీ రేడియో మారదు. విజయవాడలోనే కొనివ్వు.

డాలస్‌కి కొత్త:
అందరికీ చాలా థాంక్స్. బెలూనే! సోఫా వెనక సగం గాలితో తేలుతూ దొరికింది. సెన్సర్ బీరువా మీదికి మార్చాను, వెనక తలుపుకి డిలే 45 పెట్టాను. నాలుగు రోజులైంది, మోగలేదు. పర్మిట్‌కి అప్లై చేశాను. మానిటరింగ్ సంతకం మాత్రం పెట్టలేదు అన్నా. అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్తే, "తులసి కుండీ ఇంట్లోనే పెట్టుకుందాంలే" అంది.

ఫ్రిస్కో అక్క:
మంచి మాట. మంచు పడితే ఎలాగూ బయట బతకదు. దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి, నీళ్ళు ఎక్కువ పోయనివ్వకండి. విత్తనాలు కావాలంటే మా దగ్గరున్నాయి.