రొయ్యల పట్టుబడి: చల్లబరిచే ట్యాంక్ దగ్గరే సరుకు ఆగిపోతోంది

ఇందుకూరుపేట వైపు గుంటల నుంచి 50 కౌంట్ (కిలోకు 50 తూగే) వెనామీ రకం రొయ్య, పట్టుబడికి 3 టన్నులు, రెండు గంటల దూరంలోని ప్రాసెసింగ్ ప్లాంటుకు పంపుతున్నాం. తెల్లవారుజామున 4కు వల దించితే 6 కల్లా సరుకంతా గట్టు మీదే. చిక్కంతా అక్కడే. రొయ్యని చల్లబరచడానికి ఉన్నది వెయ్యి లీటర్ల ఐసు నీళ్ల ట్యాంక్ ఒక్కటే. విడతకు 200 కిలోలు, ముంచి ఎత్తడానికి 15 నిమిషాలు, అంటే గంటకు 800 కిలోలే. చివరి విడత గంటన్నర పాటు 30 డిగ్రీల్లో పడి ఉంటోంది.

ట్యాంక్ నీళ్లు మొదట 1 డిగ్రీ, నాలుగో విడతకు 6. 200 కిలోల రొయ్యని 30 నుంచి 2 డిగ్రీలకు దించడానికి లెక్క ప్రకారం 60 కిలోల ఐసు కరగాలి. మేం 75 వేస్తున్నాం. దిమ్మ ముక్కలు పెద్దవై పైన తేలుతున్నాయని సన్నగా కొట్టించి, కలియబెట్టించాం. 4కు దిగింది, అంతే. విడతకు 150 కిలోలకు తగ్గిస్తే నీళ్లు చల్లగానే ఉన్నాయి గానీ గట్టు మీద నిరీక్షణ ఇంకా పెరిగింది. క్రేట్లలో ఐసు సరిసమానంగా, కిలోకు కిలో వేస్తున్నా ప్లాంటులో మధ్య వరస క్రేట్లు 7, 8 చూపిస్తున్నాయి. వాళ్లడిగేది 4 లోపు.

ఇలాంటి పట్టుబడి నడిపినవాళ్లు చెప్పండి: రెండో ట్యాంక్ పెట్టాలా, లేక ట్యాంక్ వేగానికి తగ్గట్టు వల లాగడాన్నే గంటకు 800 కిలోలకు తగ్గించాలా?